పెరటి కోళ్లు, వేట పక్షులు, చట్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి పెరట్లో నాలుగైదు నుంచి ముప్పై నలభై వరకు కోళ్లను పెంచుకునే వారిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. వేల కోళ్లుండే షెడ్ల నిర్వహణ వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. గద్ద తన్నుకుపోయిన కోడిపిల్ల తిరిగి రాదు. చట్టాన్ని మీరి గద్దను చంపినా మిగిలిన పిల్లలకు రక్షణ దొరకదు. కోళ్లను కాపాడే పని దాదాపు పూర్తిగా మన చేతుల్లోనే, అంటే గూడులోనూ, వలలోనూ, వేళకు తలుపు మూయడంలోనూ ఉంది.

కోడిని చంపింది వేట పక్షేనని ఎలా తెలుసుకోవాలి?

కోపంతో ఆకాశం వైపు చూసే ముందు నేల వైపు చూడండి. డేగ గాని గద్ద గాని పట్టిన కోడిని తినే ముందు ఈకలు పీకుతుంది కనుక, ఒకే చోట గుండ్రంగా పరచుకున్న ఈకల కుప్ప కనిపిస్తుంది. ఒక ఈకను తీసి కాడను పరిశీలించండి. కాడ చెక్కుచెదరకుండా, ముక్కుతో పట్టి లాగిన నొక్కు మాత్రమే ఉంటే అది పక్షి పని. కాడ మధ్యలో కొరికి తెగినట్టు, నమిలినట్టు ఉంటే అది పిల్లి, నక్క, ముంగిస వంటి పళ్లున్న జంతువు పని. కాడ మొదట్లో చర్మం పీలికలు అంటుకుని ఉంటే, కోడి చనిపోయి ఒళ్లు చల్లబడ్డాక ఈకలు పీకినట్టు అర్థం. ఈ చివరి గుర్తు చాలా ముఖ్యం, ఎందుకంటే మరో జంతువు చంపి వదిలేసిన కోడిని తినడానికి దిగిన గద్దను చూసి, అదే హంతకురాలని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

కళేబరం మిగిలి ఉంటే వీపు మీద, పక్కల మీద లోతైన గోళ్ల పోట్లు ఉన్నాయేమో చూడండి. పెద్ద కొమ్ము గుడ్లగూబలు చాలాసార్లు తల, మెడ మాత్రమే తిని వదిలేస్తాయి. రెట్ట కూడా ఒక సాక్ష్యమే: డేగలు సున్నం చిమ్మినట్టు దూరంగా చారలుగా వేస్తాయి, గుడ్లగూబలది చిన్న తెల్లని కుప్పగా అక్కడికక్కడే పడుతుంది. వేట పక్షి సాధారణంగా రోజుకు ఒక్క కోడినే పడుతుంది. తెల్లవారేసరికి గూట్లో ఆరేడు కోళ్లు తినకుండానే చచ్చి పడి ఉంటే, దోషిని నేల మీద, గోడ కన్నాల్లో వెతకాలి.

ఏ పక్షుల వల్ల నిజమైన ముప్పు ఉంది?

అన్ని వేట పక్షులూ కోళ్ల మీద పడవు. పొట్టి రెక్కలు, పొడవాటి తోక ఉన్న డేగలు చెట్ల మధ్య నుంచి తక్కువ ఎత్తులో దూసుకొచ్చి పడతాయి కనుక వాటితోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. తోక చీలిన నల్లని గద్దలు ఎక్కువగా చచ్చినదానినీ, చెత్తనూ తిని బతికేవి. అయినా నేల మీద ఒంటరిగా తిరిగే కోడిపిల్ల కనిపిస్తే వదలవు. పెద్ద గుడ్లగూబలు మునిమాపు నుంచి తెల్లవారే వరకు వేటాడతాయి. చిన్న గుడ్లగూబలు ఎలుకలనూ, పురుగులనూ తింటాయి, అవి పెరట్లో ఉండడం మనకు లాభమే. రాబందులు చచ్చిన పశువుల మీద ఆధారపడినవి, కోళ్ల పెంపకందారులు వాటి గురించి దిగులు పడనక్కర్లేదు.

పక్షి తన బరువుకు మించినదాన్ని ఎత్తుకుపోలేదు. కిలో లోపు బరువుండే గద్ద రెండు కిలోల పెట్టను గాలిలోకి లేపడం అసాధ్యం. అందుకే పిల్లలు ఆనవాలు లేకుండా మాయమవుతాయి, పెద్ద కోడి మాత్రం పట్టిన చోటే ఈకల కుప్ప మధ్య దొరుకుతుంది.

ముప్పు ఎప్పుడు ఎక్కువ?

రెండు కాలాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, వేట పక్షులు గూళ్లలో పిల్లలను సాకే కాలం. అప్పుడు వాటికి రోజంతా ఆహారం కావాలి. రెండవది, ఆ పిల్లలు గూడు విడిచి సొంతంగా వేట నేర్చుకునే కాలం, వలస పక్షులు వచ్చిపోయే కాలం. కొత్తగా ఎగిరిన డేగ పిల్లల్లో సగానికి పైగా తొలి ఏడాదిలోనే, చాలావరకు ఆకలితోనే చనిపోతాయి. మన పెరట్లోకి తెగించి దిగేది తరచుగా అలాంటి అనుభవం లేని, ఆకలిగొన్న పక్షే. అది కొన్నాళ్లు ఆ చుట్టుపక్కల తిరిగి వెళ్లిపోతుంది. ఆ కొన్నాళ్లూ కోళ్లను పైకప్పు ఉన్న ఆవరణలోనే ఉంచగలిగితే సగం సమస్య తీరినట్టే.

కోళ్ల మీద పడుతున్న గద్దను చంపవచ్చా?

చంపకూడదు. చాలా దేశాల్లో అది నేరం. కోడి మన సొంతమైనా, నేల మన సొంతమైనా ఆ నేరం మాఫీ కాదు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను షెడ్యూళ్లలో, అంటే చట్టానికి జతచేసిన జాబితాల్లో, చేర్చిన జీవుల వేటను నిషేధించింది. అక్కడ ‘వేట’ అన్న మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, గాయపరచడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేట కిందకే వస్తుంది. పక్షుల విషయంలో గుడ్లను పాడుచేయడం, గూటిని కదిలించడం కూడా అంతే. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి షెడ్యూలు జీవిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, దానితోపాటు 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. ఇతర సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

అమెరికాలో 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్ పరిధిలోకి డేగలు, గుడ్లగూబలు 1972లో వచ్చాయి. ఆ చట్టం కింద సాధారణ ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలు, 15,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. బట్టతల గరుడ పక్షికి 1940 నుంచీ, బంగారు గరుడ పక్షికి 1962 నుంచీ అంతకంటే కఠినమైన ప్రత్యేక చట్టం ఉంది. నేల మీద రాలి పడిన డేగ ఈకను దాచుకోవడానికి కూడా అక్కడ అనుమతి కావాలి. బ్రిటన్‌లో 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్, ఐరోపా సమాఖ్య దేశాల్లో 1979లో మొదలై 2009లో తిరిగి రూపొందించిన పక్షుల ఆదేశం ఇదే రక్షణ ఇస్తున్నాయి. కెనడాలో వేట పక్షులు కేంద్ర వలస పక్షుల చట్టం కిందకు రావు, అక్కడ ప్రతి ప్రావిన్సు తన సొంత చట్టంతో వాటిని కాపాడుతుంది. మీరు ఏ దేశంలో ఉన్నా స్థానిక అటవీ లేదా వన్యప్రాణి శాఖను ముందుగా అడగడం మంచిది.

నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకు లేదా?

ఉంది, కాని దానికి చట్టం చూపిన దారి అనుమతి పత్రం. అమెరికాలో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఇచ్చే అనుమతి కోసం, హాని చేయని పద్ధతులన్నీ ముందుగా ప్రయత్నించినట్టు మీరు చూపాలి. భారతదేశంలో ఆ అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. మొదటి షెడ్యూలు జీవి మనుషుల ప్రాణానికి ప్రమాదకరంగా మారినప్పుడు గాని, కోలుకోలేని గాయమో జబ్బో ఉన్నప్పుడు గాని మాత్రమే ఆయన అనుమతించగలరు. కోడిపిల్లను ఎత్తుకుపోవడం ఆ కోవలోకి రాదు. రెండో షెడ్యూలు జీవుల విషయంలో ఆస్తి నష్టాన్ని కూడా పరిగణించే వీలున్నా, పెరటి కోళ్ల కోసం అటువంటి ఉత్తర్వు వస్తుందని ఆశపెట్టుకోవద్దు. దరఖాస్తు నింపే సమయంలో పైన వల కట్టేయవచ్చు.

నష్టపరిహారం గురించి కూడా కొందరు అడుగుతారు. అమెరికాలో వ్యవసాయ శాఖ పథకం ఒకటి, చట్ట రక్షణ ఉన్న పక్షుల దాడిలో చనిపోయిన కోళ్లకు పరిహారం ఇస్తుంది, అయితే అమ్మకం కోసం పెంచేవారికే అది వర్తిస్తుంది. ఎక్కడైనా సరే, ఈకల కుప్పను, గాయాలను తేదీ కనబడేలా ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది.

పట్టుకుని దూరంగా వదిలేస్తే తప్పేమిటి?

అనుమతి లేకుండా పట్టడమే నేరం కనుక, మంచి ఉద్దేశంతో పట్టినా తేడా లేదు. పైగా అది పని చేయదు. ఎదిగిన వేట పక్షి చాలా దూరం నుంచి కూడా తన చోటుకు తిరిగి వస్తుంది. అది రాకపోతే ఖాళీ అయిన చోటును మరో పక్షి ఆక్రమిస్తుంది. మీ పెరట్లో పైకప్పు లేనంత కాలం రెండో పక్షికీ అదే ఆహ్వానం అందుతుంది.

విషం పెట్టిన మాంసం గురించి ఒకరు చెప్పారు. అది ఎంత ప్రమాదం?

దయచేసి ఆ మాట వినవద్దు. విషపు ముక్కను ఎవరు తింటారో పెట్టినవారి అదుపులో ఉండదు. వీధి కుక్క, పొరుగింటి పిల్లి, కాకి, చివరకు దాన్ని చేత్తో పట్టుకున్న చిన్నపిల్లవాడు, ఎవరైనా బలి కావచ్చు. విషం తిని చచ్చిన జీవిని మరొకటి తిని చస్తుంది. చంపాలన్న ఉద్దేశమే లేకుండా వాడిన మందు ఎంత నాశనం చేయగలదో మనం చూశాం: పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, భారత ఉపఖండంలో కొన్ని జాతులను 95 శాతానికి పైగా తుడిచిపెట్టింది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించే నాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఎలుకల మందు కూడా అంతే. మందు తిని తూలుతున్న ఎలుకే గుడ్లగూబకు తేలికగా దొరుకుతుంది.

ఇన్ని కోళ్లు పోతున్నా చట్టం పక్షి వైపే ఎందుకు ఉంది?

ఒకప్పుడు చట్టం కోడి వైపే ఉండేది, దాని ఫలితం చరిత్రలో నమోదై ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 1885లో ఒక చట్టం చేసి, చంపి తెచ్చిన ప్రతి డేగకూ గుడ్లగూబకూ 50 సెంట్ల బహుమతి ప్రకటించింది. ఏడాదిన్నరలో దాదాపు 90,000 డాలర్లు ఖర్చయ్యాయి. సి. హార్ట్ మెరియమ్ అనే ప్రభుత్వ జీవశాస్త్రవేత్త లెక్క కట్టి చూస్తే, ఆ కాలంలో ఆ పక్షులు తినగలిగిన కోళ్ల విలువ 1,875 డాలర్లకు మించలేదు. వాటిని చంపడం వల్ల పెరిగిపోయే ఎలుకలూ పురుగులూ చేసే నష్టం మాత్రం 38 లక్షల డాలర్లు దాటుతుందని ఆయన తేల్చారు. ఆ తరువాత డీడీటీ అనే పురుగుల మందు వచ్చింది. వేట పక్షుల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయాయి. 1972లో అమెరికా ఆ మందును నిషేధించింది, అదే ఏడు డేగలకు చట్ట రక్షణ వచ్చింది. పెరట్లో తవుడు, నూకలు ఉన్నచోట ఎలుకలు చేరకుండా ఉండవు. ఆ ఎలుకలను రాత్రంతా జీతం లేకుండా పట్టేది గుడ్లగూబ. కోడిపిల్ల పోయిన బాధ నాకు తెలుసు, అయినా ఈ లెక్కను కాదనలేను.

అన్నిటికంటే నమ్మదగిన రక్షణ ఏది?

పైకప్పు. నాలుగు వైపులా కంచె ఎంత గట్టిగా ఉన్నా, పైన తెరిచి ఉంటే గద్దకు అది పళ్లెంలో వడ్డించినట్టే.

వల కన్ను 5 సెంటీమీటర్లకు మించకుండా చూసుకుంటే పెద్ద పక్షులు రావు. చిన్న డేగలు తిరిగే చోట 2.5 సెంటీమీటర్లు మేలు. వలను బిగుతుగా, మనిషి తల తగలనంత ఎత్తులో కట్టాలి. వేలాడుతున్న వల మీద డేగ వాలితే, దాని బరువుకు వల కిందికి దిగి, కోడి తల గోళ్లకు అందుతుంది. కంటికి కనబడని సన్నని నైలాన్ దారపు వలలు వాడవద్దు. వాటిలో పాములు, పిచ్చుకలు చిక్కుకుని గిలగిలలాడి చస్తాయి, చిక్కినది రక్షిత జాతి అయితే ఆ తలనొప్పీ మనదే. మందపాటి తాళ్లతో అల్లిన, ముదురు రంగు వల పక్షికి దూరం నుంచే కనిపిస్తుంది. వల మీద రాలిన ఆకులను వారానికోసారి దులపకపోతే తడిసి బరువెక్కి గుంజలను వంచేస్తాయి.

రాత్రి గూటికి మాత్రం వల చాలదు. కోళ్ల జాలీ అని అమ్మే పలుచని ఆరు పలకల జాలీ కోడిని లోపల ఉంచగలదు కాని, పళ్లున్న జంతువును బయట ఉంచలేదు. గూటి కిటికీలకు, కింది భాగానికి అర అంగుళం కన్నుల వెల్డింగ్ జాలీ బిగించండి. పొద్దు గూకగానే తలుపు మూసి గడియ పెట్టండి. గుడ్లగూబల బెడద దీనితోనే పూర్తిగా తీరుతుంది.

కోళ్లను రోజంతా మూసి ఉంచడం ఇష్టం లేదు. తిరగనిస్తూ కాపాడలేమా?

నష్టాన్ని బాగా తగ్గించగలం, పూర్తిగా ఆపలేం. కోడి మూలం అడవిలోని పొదల కింద ఉంది. మైదానం దానికి భయం, పొద దానికి ఇల్లు. ఏ చోట నిలబడినా నాలుగు అంగల్లో దూరగలిగిన నీడ ఉండేలా పొదలు, పాత బల్లలు, నేలకు రెండడుగుల ఎత్తులో ఆనించిన తడికలు ఏర్పాటు చేయండి. మేత, నీళ్లు ఎప్పుడూ ఆ నీడలోనే పెట్టండి. పెరటి మధ్యలో మేత చల్లడం అందరమూ అలవాటుగా చేసే తప్పు. డేగ కూర్చుని కాపు కాయడానికి వీలైన ఒంటరి గుంజలు, ఎండిన కొమ్మలు పెరటికి సుమారు వంద గజాల లోపల ఉంటే, గూడు లేదని నిర్ధారించుకుని తీసేయవచ్చు.

ఒక్కసారి మీ కోళ్ల పక్కన ఓ అరగంట కూర్చుని చూడండి. మేస్తున్న పెట్ట ఉన్నట్టుండి తల పక్కకు వాల్చి, ఒక కన్ను మాత్రమే ఆకాశానికి తిప్పుతుంది. పుంజు గొంతులోంచి సన్నగా, సాగదీసిన ఒక కూత వస్తుంది. ఆ కూత ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం, అందుకే పైనున్న డేగకు పుంజు దొరకదు. ఆ క్షణంలో పెరడంతా నిశ్శబ్దమై, కోళ్లన్నీ పొదల్లోకి దూరి శిలల్లా నిలబడతాయి. పిల్లి కనబడితే వేసే కూత ఇది కాదు, అది టకటకమని గట్టిగా, ఆగి ఆగి వస్తుంది. ఈ రెండు కూతల తేడా మీ చెవికి పట్టిందంటే, ఇంట్లో ఉండే ఎటు పరుగెత్తాలో తెలుస్తుంది.

దిష్టిబొమ్మలు, మెరిసే సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు పని చేస్తాయా?

కొద్ది రోజులు. కదలని బొమ్మకు పక్షి త్వరగా అలవాటు పడుతుంది. రోజూ చోటు మారుస్తూ, ముప్పు ఎక్కువగా ఉన్న రెండు మూడు వారాలు మాత్రమే వాడితే కాస్త ఉపయోగం ఉంటుంది. కేకలు వేసి, చప్పట్లు కొట్టి పెరట్లోకి దిగిన పక్షిని లేపవచ్చు. అమెరికా నిబంధనలు గరుడ పక్షులు, అంతరించే దశలో ఉన్న జాతులు మినహా మిగతావాటిని బెదిరించడానికి అనుమతి అడగవు. కాని రాయి, వడిసెల, ఎయిర్ గన్ పట్టుకున్నారంటే బెదిరింపు కాస్తా గాయపరిచే ప్రయత్నమవుతుంది. వేట పక్షి గూటి దగ్గర ఎలాంటి అలజడీ పనికిరాదు.

పుంజు, గినీ కోడి, కుక్క కాపలా ఎంతవరకు?

పుంజు మంచి కావలి, కాని యోధుడు కాదు. గినీ కోళ్లు గొంతు చించుకుని అరుస్తాయి, అవీ వేటకు గురి కావచ్చు. చిన్నప్పటి నుంచి కోళ్లతో కలిపి పెంచిన కుక్కే అన్నిటిలోకీ మేలు. కాకులు గద్దను గుంపుగా తరుముతాయన్నది నిజమే, అయితే గుడ్లనూ పసి పిల్లలనూ ఎత్తుకుపోవడంలో అవీ తక్కువ తినలేదు.

కోడిపిల్లలకు ప్రత్యేక జాగ్రత్త కావాలా?

తప్పక కావాలి. పిల్లలకోడి ఎంత ధైర్యవంతురాలైనా, పది పిల్లలను ఒకేసారి రెక్కల కిందికి చేర్చుకునే లోపు ఒకటి వెనకబడుతుంది. గద్ద చూసేది ఆ ఒక్కదానినే. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు పిల్లలను తల్లితో సహా జాలీ కప్పిన ఆవరణలో గాని, పగటిపూట పెద్ద గంప కింద గాని ఉంచండి. గంపకు నీడ, నీళ్లు ఉన్నాయో లేదో ఎండ తిరిగినప్పుడల్లా చూసుకోవాలి. గద్ద నుంచి కాపాడిన పిల్లలు వడదెబ్బకు పోవడం నా పెరట్లో ఒకసారి జరిగింది, అది పూర్తిగా నా అజాగ్రత్తే.

డేగ జాలీ లోపల చిక్కుకుపోతే ఏం చేయాలి?

ముందు కోళ్లను గూట్లోకి తోలి తలుపు వేయండి. తరువాత ఆవరణ తలుపును బార్లా తెరిచి, మనుషులు, కుక్కలు దూరంగా వెళ్లిపోండి. చాలాసార్లు అది తనంతట తాను వెళ్లిపోతుంది. వలలో కాళ్లు చుట్టుకుని ఉంటే లాగవద్దు. వీలైతే తువ్వాలు కప్పితే చీకటికి అది శాంతిస్తుంది. ముక్కు కంటే గోళ్లే ప్రమాదం. అటవీ శాఖకో, గాయపడిన పక్షులను చూసే కేంద్రానికో వెంటనే తెలియజేయండి. దాన్ని ఇంట్లో ఉంచి సాకడం కూడా చట్ట విరుద్ధమే.

గాయపడి బతికిన కోడిని, చనిపోయిన కోడిని ఏం చేయాలి?

గోళ్ల పోటు పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది. చుట్టూ ఈకలు తప్పించి, ఉప్పునీటితో కడిగి, ఈగలు వాలకుండా చీకటి గదిలో విడిగా ఉంచి, పశువైద్యునికి చూపించాలి. మిగతా కోళ్లు రక్తం చూసి పొడుస్తాయి కనుక మందలోకి తొందరగా వదలవద్దు.

చనిపోయిన కోడిని చేతి తొడుగులతో తీసి, కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చండి. కారణం తెలియకుండా ఒకేసారి అనేక కోళ్లు చనిపోతే బర్డ్ ఫ్లూ కావచ్చు, వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఆ కళేబరాలను తిన్న గద్దలకూ అదే జబ్బు సోకుతుంది. కోడి పేగులు, తల, ఈకలు ఇంటి వెనక పారేసే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. వాటి కోసం రోజూ వచ్చిన గద్దే ఒక రోజు పిల్లలను గమనిస్తుంది.

మా చెట్టు మీదే గద్ద గూడు కట్టింది. చెట్టు నరికించవచ్చా?

గూట్లో గుడ్లో పిల్లలో ఉన్నంత కాలం ముట్టుకోకూడదు. భారతదేశంలో అది వేట నిర్వచనం కిందకే వస్తుంది. బ్రిటన్‌లో కడుతున్న గూటిని పాడుచేయడం కూడా నేరమే. పిల్లలు ఎగిరిపోయిన తరువాత, స్థానిక చెట్ల నిబంధనలను, గరుడ పక్షుల వంటివాటి పాత గూళ్లకూ రక్షణ ఉందేమో విచారించి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. ఆ కొద్ది వారాలూ కోళ్లను వల కిందే మేపండి.